వంద కనెక్టర్లు వచ్చినా రైటింగ్ స్కోరు ఎందుకు పెరగడం లేదు?

భీమవరం దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి అడుగుతున్నారు: "మా అమ్మాయి బీటెక్ ఆఖరి సంవత్సరం. ఎంఎస్‌కి వెళ్ళాలని ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రాసింది. మిగతా మూడింటిలో బాగానే వచ్చింది, రైటింగ్‌లో మాత్రం 5.5. కోచింగ్‌లో ఇచ్చిన వంద కనెక్టర్లూ, అంటే వాక్యాలని కలిపే మాటలన్నీ, కంఠతా వచ్చు. ఇంకేం నేర్పించాలండి?"

మీరు పంపిన అమ్మాయి వ్యాసం చదివానండి. టెన్షన్ పడకండి. ఆమెకి ఇంగ్లిష్ వచ్చు, చెప్పడానికి విషయమూ ఉంది. చిక్కంతా ఆ లిస్టుతోనే. దాదాపు ప్రతి వాక్యం ముందూ ఒక బరువైన మాట పెట్టేసింది: మోరోవర్, నాట్‌విత్‌స్టాండింగ్, హవెవర్. ముందు వాక్యానికి అడ్డుచెప్పని చోట కూడా హవెవర్ ఉంది. ఈ పరీక్షలో రైటింగ్‌ని నాలుగు విషయాల్లో సమానంగా తూస్తారు. వాటిలో ఒకటి ఆలోచనల పొందిక, ఇంకొకటి వ్యాకరణం. కనెక్టర్లని యాంత్రికంగా గుప్పిస్తే పొందిక దగ్గరే మార్కు తగ్గుతుంది. అందుకే ఆ లిస్టు పక్కన పెట్టించండి. ఆల్దో, డిస్పైట్, వేర్‌యాజ్, హవెవర్, వెన్, అంటిల్. ఈ ఆరూ తప్పు లేకుండా వాడితే చాలు.

ముందు ఆల్దో. మన పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. తెలుగులో "నీళ్ళున్నా వరి వేయలేదు" అన్నప్పుడు ఆ "నా" మొదటి ముక్క చివర వస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ పని చేసే మాట ముక్క మొదట్లోనే వచ్చేస్తుంది. మధ్యలో ఏదో వెలితిగా అనిపించి ఒక బట్ తగిలిస్తారు. అమ్మాయి వ్యాసంలో ఆ తప్పు పదే పదే ఉంది. ఆల్దో ఉంటే బట్ వద్దు. మీ ప్రాంతం సంగతే తీసుకుందాం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట వేయబోమని క్రాప్ హాలిడే ప్రకటించారు కదా. "ఆల్దో దే హ్యాడ్ కెనాల్ ఇరిగేషన్, మెనీ ఫార్మర్స్ ఇన్ కోనసీమ డిడ్ నాట్ గ్రో ప్యాడీ దట్ సీజన్." అంతే, మధ్యలో కామా చాలు. ఇదే సంగతి డిస్పైట్‌తో చెప్పాలంటే తర్వాత పూర్తి వాక్యం రాకూడదు, నామవాచకమో ఐఎన్‌జీ రూపమో రావాలి: "డిస్పైట్ హ్యావింగ్ కెనాల్ ఇరిగేషన్..." డిస్పైట్ పక్కన ఆఫ్ ఎప్పుడూ రాదు.

వ్యాకరణం కుదిరాక అసలు విషయం ఉంది, అది కోచింగుల్లో అరుదుగా చెబుతారు. ఆల్దో పక్కన ఉన్న ముక్కని మనం ఒప్పుకుంటున్నాం, రెండో ముక్క మీద నిలబడుతున్నాం. "రొయ్యల చెరువులు ఆదాయం తెస్తున్నా, పక్క పొలాలకి ఉప్పు పట్టిస్తున్నాయి" అన్నవాడు చెరువుల మీద అనుమానం ఉన్నవాడు. "పక్క పొలాలకి ఉప్పు పట్టిస్తున్నా, రొయ్యల చెరువులు ఆదాయం తెస్తున్నాయి" అన్నవాడు చెరువుల వైపు ఉన్నవాడు. రెండింటిలోనూ ఉన్న నిజాలు అవే. రైటింగ్‌లో వ్యాసం రాసే టాస్క్ 2లో రెండు వైపులా చర్చించి మీ అభిప్రాయం చెప్పమంటారు చూడండి, అక్కడ కావలసింది సరిగ్గా ఈ నేర్పే. మీ అమ్మాయి తను వ్యతిరేకించే మాటని చాలాసార్లు రెండో ముక్కలో పెట్టింది. చదివేవాళ్ళకి ఆమె ఎటు వైపో తెలియడం లేదు.

వేర్‌యాజ్ ఎవరి మాటనీ ఒప్పుకోదు, కాదనదు, పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తుంది. అమలాపురం వైపు కొబ్బరి, వేర్‌యాజ్ భీమవరం వైపు చేపలూ రొయ్యలూ. ఇక్కడ వైల్ కూడా వాడొచ్చు గానీ దానికి "ఆ సమయంలో" అనే అర్థం కూడా ఉంది కాబట్టి, అనుమానం వచ్చే చోట వేర్‌యాజే మేలు. హవెవర్ అయితే రెండు వాక్యాలని కామాతో అతికించడానికి పనికిరాదు. ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ పడాలి.

కాలం చెప్పే మాటల్లో తప్పు ఒకే చోట వస్తోంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 13 లక్షల క్యూసెక్కులకి చేరితే రెండో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. దీన్ని "వెన్ ద ఫ్లో విల్ రీచ్" అని రాయకూడదు, "వెన్ ద ఫ్లో రీచెస్" అనాలి. విల్ అసలు వాక్యంలోనే ఉంటుంది. అంటిల్‌లో నాట్ దూర్చడం కూడా మన అలవాటే. "వరద తగ్గనంత వరకు" అనే ఆలోచనలోంచి అది వస్తుంది. "అంటిల్ ద వాటర్ రిసీడ్స్" చాలు. నో సూనర్, హార్డ్‌లీ లాంటివి బ్యాంకు పరీక్షలు రాసే పిల్లలకి తప్పులు పట్టడంలో పనికొస్తాయి. ఈ వ్యాసాలకి అవసరం లేదు.

సాధన ఇలా చేయించండి. రోజూ ఒక పేరా, తనకి నిజంగా తెలిసిన విషయం మీద: చెరువులు, కాలేజీ బస్సు, వరదలు, ఏదైనా సరే. ముందు తన అభిప్రాయం ఒక్క ముక్కలో తెలుగులో రాసుకోమనండి, దాని కింద ఎదుటివాళ్ళ బలమైన మాట ఒకటి. ఆ తర్వాతే ఇంగ్లిష్. రాశాక ప్రతి కనెక్టరూ కొట్టేసి చదవమనండి. అర్థం మారకపోతే అక్కడ అది అక్కర్లేదు.

ఇంకొక మాట. అమ్మాయి కంప్యూటర్‌లో రాసి ఉంటే, మొదటి పరీక్ష రోజు నుంచి 60 రోజుల్లోపు రైటింగ్ ఒక్కటే మళ్ళీ రాసే వీలుంది. కానీ అన్ని యూనివర్సిటీలూ దాన్ని ఒప్పుకోవు. డబ్బు కట్టకముందే, తను దరఖాస్తు చేస్తున్న ప్రతి యూనివర్సిటీకీ ఒక మెయిల్ పెట్టి కనుక్కోమనండి.