అడగండి చెబుతాం: టి.పి. రాజలక్ష్మి, తొలి తమిళ టాకీల పాట

ప్రశ్న: ‘కాళిదాస్’ తొలి తమిళ టాకీ (మాటలు వినిపించే సినిమా) అంటారు. అందులో తెలుగు కూడా ఉందని విన్నాను. అయితే ‘భక్త ప్రహ్లాద’ కంటే ముందు వచ్చినట్టేనా? (తెనాలి)

జవాబు: ముందే వచ్చింది. ‘కాళిదాస్’ మద్రాసులోని కినిమా సెంట్రల్ థియేటరులో 1931 అక్టోబరు 31న విడుదలైంది. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల తరబడి ఒకరిని చూసి ఒకరం రాసుకుంటూ వచ్చాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి ఆధారాలు తవ్వి, దాని సెన్సారు 1932 జనవరి 22న జరిగిందనీ, బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటరులో ఫిబ్రవరి 6న విడుదలైందనీ తేల్చారు. రెండు సినిమాలకూ దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. ఎల్.వి. ప్రసాద్ రెండింటిలోనూ కనిపిస్తారు, ‘కాళిదాస్’లో గుడి పూజారిగా. అంతమాత్రాన ‘కాళిదాస్’ను తెలుగు సినిమా అనలేం. తెరమీద తెలుగు మాట ముందు అందులోనే వినిపించింది, తొలి పూర్తి తెలుగు టాకీ మాత్రం ‘ప్రహ్లాద’.

ప్రశ్న: నాయిక తమిళం, నాయకుడు తెలుగు మాట్లాడితే జనం ఎలా చూశారు? (నెల్లూరు)

జవాబు: హాయిగా చూశారు. విద్యాధరిగా టి.పి. రాజలక్ష్మి తమిళంలో, కాళిదాసుగా పి.జి. వెంకటేశన్ తెలుగులో మాట్లాడారు. కథ అందరికీ తెలిసిందే, జనం వెళ్లింది పాటకోసం. బొమ్మ నోరు తెరిచి పాడటమే అప్పటికి వింత.

పాటలకూ కథకూ పొత్తు కుదరాలన్న పట్టింపు లేదు. రాజలక్ష్మి అందులో త్యాగరాజస్వామి కృతులు ‘ఎంత నేర్చినా’, ‘స్వరరాగ సుధారస’ పాడారు. అంటే తమిళ రాకుమారి నోట తెలుగు కృతి! రాట్నాన్ని గాంధీ చేతి బాణంగా పొగిడే మధుర భాస్కరదాస్ పాట కూడా ఉంది. కాళిదాసు కాలంలో గాంధీ ఏమిటని ఎవరూ అడగలేదు, ఎందుకంటే నాటకాల్లో అది మామూలే. కథ మధ్యలో ఆపి దేశభక్తి గీతం అందుకుంటే చప్పట్లు మోగేవి. సినిమా ఆ అలవాటునే తెచ్చుకుంది. ఆ ప్రింటు ఇప్పుడు లేదు.

ప్రశ్న: రాజలక్ష్మి జీవితం గురించి నాలుగు మాటలు చెప్పండి. (రాజమహేంద్రవరం)

జవాబు: 1911లో తంజావూరు దగ్గర తిరువైయారులో పుట్టారు. త్యాగరాజస్వామి సమాధి ఉన్న ఊరే. చిన్నతనంలోనే పెళ్లి చేశారు, అది నిలవలేదు. తండ్రి పోయాక నాటకాల్లో చేరారు. మూకీల్లో నటించి, ఆ తర్వాత ‘కాళిదాస్’కు వచ్చారు. 1933లో ‘వల్లి తిరుమణం’ బాగా ఆడింది. అందులో నారదుడి వేషం వేసిన టి.వి. సుందరాన్ని పెళ్లాడారు.

అసలు చెప్పుకోవలసింది 1936 నాటి ‘మిస్ కమల’. తన నవల ‘కమలవల్లి’ని తానే సినిమాగా మలిచారు. నిర్మాత, దర్శకురాలు, నటి అన్నీ ఆవిడే. దక్షిణాదిలో సినిమాకు దర్శకత్వం వహించిన తొలి మహిళ. అయినా పేరు చెప్పగానే ‘తొలి తమిళ నాయిక’ అనే అంటారు, మా దృష్టిలో దర్శకత్వమే పెద్ద పని. ‘సినిమా రాణి’ అని బిరుదు. 1964లో కన్నుమూశారు.

ప్రశ్న: నేపథ్యగానం లేనప్పుడు పాటను ఎలా రికార్డు చేసేవారు? తప్పు వస్తే? (వరంగల్లు)

జవాబు: ‘కాళిదాస్’ను బొంబాయిలో, తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ తీసిన సెట్ల మీదే తీశారు. ‘ఆలం ఆరా’కు వాడిన పద్ధతిలో బొమ్మ, శబ్దం రెండూ ఒకే ఫిల్ము మీద ఒకేసారి పడతాయి. నటి కెమెరా ముందు నిలబడి నటిస్తూనే పాడాలి. హార్మోనియం, తబలా వాళ్లు చట్రంలోకి రాకుండా చెట్టుచాటునో స్తంభం వెనకో కూర్చోవాలి. మైకును పూలకుండీలోనో దుస్తుల్లోనో దాచాలి. పక్కనే రైలుపట్టాలు ఉండటంతో ‘ఆలం ఆరా’ చిత్రీకరణ ఎక్కువగా అర్ధరాత్రి దాటాక సాగింది.

ఇక చిక్కులు. మైకు ఒక్కచోటే ఉంటుంది. పాడుతూ రెండడుగులు పక్కకు వేస్తే గొంతు పలచబడుతుంది, తల తిప్పితే మాట సరిగా వినపడదు. అందుకే ఆనాటి పాటల్లో నటి కొయ్యబొమ్మలా నిలబడి పాడుతుంది. నటన రాక కాదు. తబలా మైకుకు దగ్గరైతే పాటను మింగేస్తుంది. కాబట్టి వాయిద్యాల మోత తగ్గించాలంటే మనిషిని దూరంగా జరపడమే దారి.

కూర్పు (ఎడిటింగు) ఇంకో తలనొప్పి. శబ్దం ఫిల్ము మీద బొమ్మకు ఎదురుగా ఉండదు, సుమారు 20 ఫ్రేములు ముందుంటుంది. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి అది దాదాపు 0.8 సెకను. బొమ్మ చూసి కత్తెర వేస్తే పాటలో అక్షరం తెగుతుంది. అందువల్ల పల్లవి నుంచి చివరి చరణం దాకా ఒకే షాట్‌గా తీయడమే క్షేమం. నిమిషానికి 90 అడుగులు నడిచే ఫిల్ములో నాలుగు నిమిషాల పాటకు 360 అడుగులు కావాలి. చివరి చరణంలో గొంతు జారితే ఆ 360 అడుగులూ పోయినట్టే, మళ్లీ మొదటినుంచి పాడాలి. మైకు లేని నాటకశాలలో చివరి వరుసదాకా గొంతు వినిపించడం అలవాటైన వాళ్లకే ఇది సాధ్యం. తొలి తారల్లో చాలామంది రంగస్థలం నుంచే ఎందుకు వచ్చారో దీన్నిబట్టి తెలుస్తుంది. తమిళంలో నేపథ్యగానం 1938లో ‘నందకుమార్’తో మొదలైందంటారు. అక్కడినుంచి పాడే గొంతుకూ కనిపించే ముఖానికీ దారులు వేరయ్యాయి.

ప్రశ్న: కె.బి. సుందరాంబాళ్‌కు లక్ష రూపాయలు ఇచ్చారన్నది నిజమేనా? (కడప)

జవాబు: అవును, 1935 నాటి ‘భక్త నందనార్’కు. కొడుముడిలో పుట్టిన ఈమె, భర్త ఎస్.జి. కిట్టప్ప 1933లో పోయాక తెల్లచీర కట్టి, మగవాళ్ల సరసన నటించనని ఒట్టు పెట్టుకున్నారు. అందుకే ఆ సినిమాలో నందనార్ వేషం ఆవిడదే, మగవేషం. 1953లో జెమినీవారి ‘అవ్వైయార్’ ఆవిడను ఇంటింటికీ చేర్చింది. ‘తునైవన్’ పాటకు జాతీయ అవార్డు, 1970లో పద్మశ్రీ వచ్చాయి.

ప్రశ్న: మా పాత పెట్టెలో సుందరాంబాళ్, కిట్టప్పల గ్రామఫోను రికార్డు దొరికింది. ఇంట్లో ఎల్‌పీ ప్లేయరు ఉంది. పెట్టి వినవచ్చా? (చిత్తూరు)

జవాబు: ఉన్నది ఉన్నట్టు పెట్టకండి. అది లక్కతో చేసిన 78 రికార్డు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఎల్‌పీ ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), దీని గాడికి 75 మైక్రాన్లు కావాలి. సన్నముల్లు గాడి అడుగున దుమ్ములో ఈదుతుంది. చప్పుడు తప్ప పాట వినబడదు, ముల్లూ పాడవుతుంది. చాలా కాట్రిడ్జిలకు (ముల్లు అమరే భాగానికి) 78 ముల్లు విడిగా దొరుకుతుంది, దాన్ని మార్చి బరువు 3 నుంచి 5 గ్రాముల మధ్య పెట్టండి.

ముందు శుభ్రం చేయాలి. స్పిరిటు, శానిటైజరు, కొలోను ఏవీ తగలనివ్వకండి. ఆల్కహాలుకు లక్క కరిగిపోతుంది, ఒక్క తుడుపుకే పాట మాయం. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి, మెత్తటి కుంచెతో గాడి వెంబడి గుండ్రంగా రుద్దండి, అడ్డంగా వద్దు. మధ్యలో ఉన్న కాగితం తడవకూడదు. వెంటనే మంచినీళ్ల బదులు మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తోనే కడిగి, నీడన నిలబెట్టి ఆరనివ్వండి. ఎండలో పెడితే వంకరపోతుంది.

ప్లేయరులో 78 వేగం లేకపోతే 45లోనే తిప్పి కంప్యూటరులోకి ఎక్కించండి. ఆడాసిటీ అనే శబ్దం సవరించే సాఫ్ట్‌వేరులో వేగం మార్చే చోట 45 నుంచి 78 అని పెడితే 1.733 రెట్లు పెరిగి అసలు వేగానికి వస్తుంది. రెండు ఛానళ్లనూ కలిపి మోనో చేస్తే గరగర కొంత తగ్గుతుంది. ముందు శుద్ధి చేయని వేవ్ ఫైలు ఒకటి దాచుకుని, చప్పుడు తీసే పని దాని నకలు మీద చేయండి. అతిగా తీస్తే గొంతులోని గమకం కూడా పోతుంది. ఆ రోజుల్లో వేగం కచ్చితంగా 78 ఉండేది కాదు, కొంచెం అటూ ఇటూ. గొంతు చిన్నపిల్ల గొంతులా వినిపిస్తే వేగం ఎక్కువైనట్టు. హార్మోనియం పక్కన పెట్టుకుని, పాటలో నిలిచే షడ్జమం ఏ మెట్టుకూ సరిగ్గా కూర్చోకపోతే వేగాన్ని కొద్దికొద్దిగా సవరించి చూడండి.

అంచున వెంట్రుకలాంటి పగులు కనిపిస్తే మాత్రం ఒక్కసారే, రికార్డు చేసుకుంటూనే తిప్పండి. పాత కీ గ్రామఫోను దొరికిందని దానిమీద పెట్టకండి. దాని సౌండుబాక్సు బరువు వంద గ్రాములకు పైమాటే. తప్పనిసరైతే ప్రతి వైపుకూ కొత్త ఉక్కుముల్లు వేయండి, ఒకసారి పాడిన ముల్లు రెండోసారికి గాడిని చెక్కేస్తుంది.