షుగర్, బీపీ మందుల ఖర్చు తగ్గాలంటే డిస్కౌంట్ కన్నా ముందు డాక్టర్ చీటీ చూడండి

చెన్నైలో ఉంటున్నామని, మామగారి షుగర్, బీపీ మందులకి నెలకి ఐదు వేలు దాటుతోందని రాశారు. ఏ ఆన్‌లైన్ షాపులో డిస్కౌంట్ ఎక్కువ, జనరిక్ మందులు (పెద్ద బ్రాండ్ పేరు లేకుండా తక్కువ ధరకి దొరికే అదే మందులు) నమ్మొచ్చా అని కదా మీ ప్రశ్న.

మేముండేదీ చెన్నైలోనే, పెరంబూర్‌లో. అమ్మకి చాలా ఏళ్లుగా షుగర్, మందులు తెచ్చే పని నాది. డిస్కౌంట్ల వెంట తిరిగితే పదిహేనో ఇరవయ్యో శాతం మిగులుతుంది, అంతే. బాగా మిగిలేది చీటీలో బ్రాండ్ మారినప్పుడే. స్ట్రిప్ మీద బ్రాండ్ కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటాయి. ముందు అవి ఒక కాగితం మీద రాసుకోండి.

అమ్మ మందుల్లో ఖరీదైనది ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు. ఒక్కో మాత్ర దాదాపు 60 రూపాయలు ఉండేది. 2025 మార్చిలో మన దేశంలో దాని పేటెంట్ (కనిపెట్టిన కంపెనీకి మాత్రమే ఉండే హక్కు) ముగియగానే చాలా కంపెనీలు తయారీ మొదలుపెట్టాయి, పది రూపాయల లోపు కూడా వచ్చేసింది. 2022లో సిటాగ్లిప్టిన్ అనే ఇంకో షుగర్ మందు విషయంలోనూ ఇలాగే ధరలు పడ్డాయి. అయితే ఈ సంగతి మనకి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. చీటీలో పాత బ్రాండ్ ఉన్నంతకాలం అదే కొంటూ ఉంటాం. షాపతను తనంతట తాను మార్చి ఇవ్వకూడదు, షెడ్యూల్ హెచ్ మందులకి, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సినవాటికి, ఆ రూలు ఉంది (ఎంతమంది పాటిస్తున్నారనేది వేరే కథ). కాబట్టి అడగాల్సింది డాక్టర్నే. "సార్, ఇదే మందు తక్కువ ధరలో ఉంటే రాయండి" అంటే మా డాక్టర్ ఏమీ అనుకోలేదు, అక్కడికక్కడే మార్చి రాశారు. అంతకుముందు చూపించుకున్న ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో మాత్రం తమ ఫార్మసీలోనే కొనాలన్నట్టు మాట్లాడారు. చీటీ మన చేతిలో ఉన్నాక ఎక్కడ కొనాలో మన ఇష్టం.

ప్రభుత్వం ధరలు కట్టడి చేస్తోంది కదా అంటారేమో. చేస్తోంది, అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి గరిష్ఠ ధర ఉంది. కానీ 2013 నుంచి ఆ ధర కట్టే పద్ధతి ఏమిటంటే, మార్కెట్‌లో ఒక శాతం, అంతకు మించి వాటా ఉన్న బ్రాండ్ల సగటు ధర తీసి, దాని మీద షాపువాళ్లకి 16 శాతం కలపడం. అన్నీ ఖరీదైన బ్రాండ్లే అయితే సగటు మాత్రం ఎలా తగ్గుతుంది? జాబితాలో లేని మందులకైతే ఏటా పది శాతం దాకా పెంచుకోవచ్చు. 2025 సెప్టెంబర్‌లో చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో ఆ తేడా కూడా ఒకసారి చూసుకోండి.

ఇక చెన్నైలో ఎక్కడ కొనాలంటే, కేంద్ర ప్రభుత్వ పథకం కింద జనరిక్ మందులు అమ్మే జనౌషధి కేంద్రాల్లో ధర సగానికి సగం, కొన్నిటికి ఇంకా తక్కువ. చిక్కల్లా స్టాకే, ముందు ఫోన్ చేసి వెళ్లండి. 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం తెరిచిన 'ముదల్వర్ మరుందగం' షాపుల్లోనూ జనరిక్ మందులు అమ్ముతారు. మెట్‌ఫార్మిన్ (షుగర్‌కి), ఆమ్లోడిపిన్ (బీపీకి) లాంటి మామూలు మందులకి అసలు డబ్బే అక్కర్లేదు, కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. మామగారు నడవలేకపోతే 'మక్కళై తేడి మరుత్తువం' అనే రాష్ట్ర ప్రభుత్వ పథకం కింద బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చి ఇచ్చే ఏర్పాటు 2021 నుంచి ఉంది, అక్కడే అడగండి. సర్కారు మందులంటే మా బంధువుల్లో చాలామంది ముఖం చిట్లిస్తారు. వాళ్లే మాత్రలు అయిపోయాక, జీతం వచ్చేదాకా అని రెండు రోజులు మానేస్తారు!

నమ్మకం సంగతి టెస్టులే చెబుతాయి. మందు మార్చాక ఇంట్లో బీపీ చూస్తూ ఉండండి, మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి. మామగారికి థైరాయిడ్, ఫిట్స్, రక్తం పలచబడే మందులు కూడా ఉంటే వాటి బ్రాండ్ డాక్టర్‌తో చెప్పకుండా మార్చొద్దు, వాటిలో కొద్ది తేడా కూడా ఇబ్బంది పెట్టొచ్చు.

మీకు వీలైతే ఆయన మందుల పేర్లు, మిల్లీగ్రాములు కింద రాయండి. వాటిలో పేటెంట్ దాటినవి ఏవో నాకు తెలిసినంతవరకు చెబుతాను.