ముందు ఆ రెండు వంపులూ చూసుకో

చిన్నోడికి పెదనాయన ఆశీస్సులు.

మీ అమ్మకు ఊగుడు కుర్చీ నీ చేత్తో చేసిస్తానన్నావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. సంతోషమేసింది, కొంచెం భయం కూడా వేసింది. రిటైరైన కొత్తలో నేనూ ఒక స్టూలు, రెండు పీటలు చేసిన ధైర్యంతోనే ఊగుడు కుర్చీకి దిగాను. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. మీ పెద్దమ్మ కూర్చుని కాస్త వెనక్కి వాలిందో లేదో, కాళ్లు గాల్లోకి లేచాయి. వెనకాల గోడ ఉంది కాబట్టి సరిపోయింది. ఆ గోడ మీద పడిన గీతను ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఈరోజుకీ చూపిస్తుంది.

తప్పు కాళ్ల కింద బిగించే రెండు బద్దల వంపులో ఉంది. 28 అంగుళాల దారంతో గీశాను. మనిషి కూర్చున్నాక బరువంతా బొడ్డు దగ్గర, నేలకు సుమారు రెండడుగుల ఎత్తులో ఉన్నట్టు లెక్క. వంపు గీసిన కేంద్రం దానికంటే బాగా పైన ఉంటేనే, వెనక్కి వాలిన కుర్చీ తనంతట తాను ముందుకొస్తుంది. రెండూ దగ్గరైతే ఎటు తోస్తే అటే పోతుంది. నువ్వు 42 అంగుళాలు పెట్టుకో. మేడ మీద ఒక మేకు, దారం, సుద్దముక్క ఉంటే చాలు, అసలు సైజులోనే గీసుకోవచ్చు. మరీ 60 దాకా పోతే ఊగీ ఊగనట్టు ఉంటుంది.

ఆ బద్దను వెడల్పు పలకలోంచి వంపుగా కోసేద్దామనిపిస్తుంది. వద్దు. 44 అంగుళాల బద్దకు ఏడెనిమిది అంగుళాల వెడల్పున్న పలక కావాలి, సగం వృథా. అదీకాక రెండు కొసల దగ్గర నార అడ్డంగా తెగుతుంది, ఎప్పుడో ఒకప్పుడు అక్కడే విరుగుతుంది. సామిల్లులో 4 మిల్లీమీటర్ల పట్టీలు కోయించుకో. ఆ వంపుకే కోసుకున్న అచ్చు చెక్క మీద ఒక్కో బద్దకు ఎనిమిదేసి అతికించి, క్లాంపులు బిగించి ఒక రోజంతా కదపకుండా వదిలెయ్. ఈ ఒక్క పనికి తెల్ల జిగురు వాడకు. ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే వంపులో అది మెల్లమెల్లగా జారుతుంది. రెండు ట్యూబులు కలిపే అరాల్డైట్ లాంటిది తెచ్చుకో. టేకులో నూనె ఉంటుంది, అతికించే ముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి. క్లాంపులు తీశాక వంపు కాస్త విచ్చుకుంటుంది, కంగారు పడకు. రెండూ ఒకే అచ్చు మీద చేస్తే రెండూ ఒకేలా విచ్చుకుంటాయి.

తర్వాత రెండు బద్దల్నీ పక్కపక్కన బిగించి, అడుగు భాగం ఒకేసారి చిత్రిక పట్టు. ఇక్కడ ఎంత టైమ్ పట్టినా పట్టనీ. ఎక్కడైనా చదునుగా ఉంటే ఊగిన ప్రతిసారీ ‘టక్’మంటుంది. కడప బండ మీద పెట్టి మెల్లగా దొర్లించి, కింద కాగితం ఎక్కడ దూరుతుందో చూడు.

చెక్క విషయానికొస్తే, కొత్త టేకు కొనకు. పాత ఇళ్లు పడగొట్టిన చోట వాసాలు, గుమ్మాలు దొరుకుతాయి. ఎన్నో ఏళ్లు ఎండిన చేవ అది. కోయించే ముందు అయస్కాంతంతో మేకులు వెతుకు, లేకపోతే రంపం పళ్లు పోయాయని సామిల్లు వాడు తిడతాడు. మామిడి చవక గానీ పురుగు పడుతుంది. అయితే ముందుగా ఒక నమూనా కుర్చీ చేసి చూడ్డానికి అదే మేలు. ఎవరైనా ఎర్రచందనం ముక్క తక్కువకే ఇప్పిస్తామంటే ఆ మాట కూడా విననట్టే ఉండు. శేషాచలం చెట్టు కుర్చీలోకి రావడమేమో గానీ నువ్వు స్టేషన్లో కూర్చోవాల్సొస్తుంది.

ఉలి పట్టడం నేర్చుకోవాలనుంటే ఒక పూట ఏర్పేడు దగ్గర మాధవమాలకు పోయిరా. అక్కడ దేవుళ్ల బొమ్మలు చెక్కేవాళ్ల చేతులు చూడు. నార ఎటు పోతోందో చూసుకునే ఉలి పెడతారు. వీడియోల కంటే అది నయం.

కొలతలు నెట్‌లో చూసినవి వద్దు. అవి పొడుగు మనుషులవి. మీ అమ్మ చెప్పులు లేకుండా కూర్చున్నప్పుడు మోకాలి మడత నుంచి నేలదాకా కొలువు. సీటు ముందు అంచు ఎత్తు అంతకంటే పెరగకూడదు, ఎందుకంటే పాదం పూర్తిగా నేలకు ఆనితేనే తోసుకోగలదు. సీటు వెనక వైపు ఒక అంగుళం దిగాలి.

జిగురు పెట్టకముందే కుసులు, అంటే చెక్క కొసన సన్నగా చెక్కిన నాలుకలు, బెజ్జాల్లో దూర్చి, తాళ్లతో కట్టి ఆమెను కూర్చోబెట్టు. నువ్వు పక్కనే నిలబడి పట్టుకో. ఊరికే కూర్చుంటేనే బాగా వెనక్కి వాలిపోతుంటే కింద బద్దల్ని వెనక్కి జరుపు, ముందుకు ఒరుగుతుంటే ముందుకు జరుపు. అర అంగుళానికే తేడా తెలుస్తుంది. వెనక కాలు దాటి కనీసం పది అంగుళాల బద్ద మిగలాలి. నా మొదటి కుర్చీకి ఆ తోక కూడా పొట్టిదే.

ఇదంతా సంక్రాంతి తర్వాత మొదలుపెట్టు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో చెక్క ఉబ్బుతుంది. అప్పుడు బిగుతుగా ఉన్న కుసి మే నెలకు వదులైపోతుంది.

పాలిష్‌కు కాచిన అవిసె నూనె బాగుంటుంది. ఒక్క జాగ్రత్త: తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. విడదీసి దండెం మీద ఆరేసెయ్. సాండ్ పేపర్ పట్టేటప్పుడు మాస్కు పెట్టుకో. టేకు పొడి కొందరికి దురదలు తెస్తుంది, నాకు మెడంతా వచ్చింది.

క్లాంపులు కొనకు, నా దగ్గర ఎనిమిదున్నాయి. ఆదివారం కొర్లగుంటకు వచ్చి తీసుకెళ్లు. వచ్చేటప్పుడు మీ అమ్మ మోకాలి కొలత కాగితం మీద రాసుకుని రా. ఫోన్లో చెప్తే నేను మర్చిపోతాను.

మీ పెదనాయన
తిరుపతి