* పెట్టి ఇచ్చిన అనుమతులు కొత్త ఫైళ్లకు ఎందుకు వర్తించవు?

లైనక్స్‌లో ఒక ఫోల్డర్‌లోకి వెళ్లి "సీహెచ్‌మాడ్ 600 *" అని కొట్టారు (సీహెచ్‌మాడ్ అంటే అనుమతులు మార్చే కమాండ్, 600 అంటే యజమాని మాత్రమే చదవగలరు, రాయగలరు, * అంటే అక్కడున్న పేర్లన్నీ). ఆ తర్వాత వచ్చిన ఫైళ్లను మాత్రం మిగతా యూజర్లు ఇంకా చదవగలుగుతున్నారు. కారణం ఏమిటంటే, ఆ *ని చూసేది సీహెచ్‌మాడ్ కాదు, షెల్ (మీరు టైప్ చేసిన కమాండ్లను చదివి నడిపించే ప్రోగ్రామ్). ఆ క్షణానికి అక్కడున్న పేర్లను ఏరి సీహెచ్‌మాడ్‌కు అందిస్తుంది, అంతే. అది శాశ్వత నియమం కాదు. కొత్త ఫైలుకు అనుమతులు మామూలుగా యూమాస్క్‌ను (ఏ అనుమతులు తీసేయాలో చెప్పే సెట్టింగ్‌ను) బట్టి వస్తాయి.

అంతకన్నా టెన్షన్ పెట్టే విషయం, చుక్కతో మొదలయ్యే ఫైళ్లను షెల్ మామూలుగా *లో కలపదు. పాస్‌వర్డులు తరచూ అలాంటి ఫైళ్లలోనే ఉంటాయి! పైగా లోపల సబ్‌ఫోల్డర్లు ఉంటే వాటికీ 600 పడి, మామూలు యూజర్‌గా మీరే వాటిలోకి వెళ్లలేరు.

నియమం ఎప్పటికీ నిలవాలంటే ఉబుంటు లైనక్స్‌లో ఉండే యాప్‌ఆర్మర్ (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైళ్లను తాకవచ్చో నియంత్రించే భద్రతా వ్యవస్థ) లాంటిది వాడాలి. అది ఫైలు తెరిచే ప్రతిసారీ ప్యాటర్న్‌తో పోల్చి చూస్తుంది. అక్కడ * ఒక్క ఫోల్డర్‌కే పరిమితం,  ** అయితే సబ్‌ఫోల్డర్లన్నిటికీ పాకుతుంది. తొందరలో  ** రాసేస్తే అక్కర్లేని చోట్లకూ తలుపులు తెరిచినట్టే. అనుమతించే నియమం, నిరాకరించే నియమం రెండూ ఒకే ఫైలుకు తగిలితే నిరాకరణే నెగ్గుతుంది. కానీ యాప్‌ఆర్మర్ కట్టడి చేసేది ప్రోగ్రాములను, యూజర్లను కాదు.

మిగతా యూజర్లను ఆపడమే మీ ఉద్దేశమైతే ప్యాటర్న్ అక్కర్లేదు. ఫోల్డర్‌కే 700 (యజమానికి మాత్రమే పూర్తి అనుమతి) ఇవ్వండి, లోపల ఏ ఫైలు వచ్చినా వాళ్లు అక్కడిదాకా రాలేరు.