గోడౌన్లు పెంచే ముందు సరుకును విడదీసి చూడండి

తిరుపతిలో మీకు ఒక్క గోడౌన్ ఉంది, కొన్ని షాపులు సాయంత్రానికే కావాలంటున్నాయి, కొన్ని మూడు రోజులైనా ఆగుతామంటున్నాయి, ఊరికో గోడౌన్ తెరవాలా అని అడిగారు. తొందరపడి తెరవకండి.

నాది మందుల హోల్‌సేల్. ఇదే ఆలోచనతో శ్రీకాళహస్తిలో, పలమనేరులో గోడౌన్లు పెట్టాను. సరుకు త్వరగా అందింది, నిజమే. కానీ మా లైనులో ప్రతి గోడౌన్‌కూ వేరే డ్రగ్ లైసెన్సు, వేరే మనిషి, వేరే ఫ్రిజ్. వాటికంటే పెద్ద దెబ్బ స్టాకుది. ఒక్కచోట 100 డబ్బాలు రిజర్వుగా సరిపోయే సరుకుకు, నాలుగు చోట్ల విడివిడిగా ఉంచాలంటే దాదాపు 200 కావాలి. కలిపి ఉంటే ఒక ఊళ్ళో తగ్గిన గిరాకీ ఇంకో ఊళ్ళో పెరిగినదానికి సర్దుకుంటుంది. విడదీస్తే ఆ వెసులుబాటు పోతుంది. పలమనేరు ర్యాకుల్లో పిల్లల సిరప్పులు ఎక్స్‌పైరీకి దగ్గరపడుతుంటే, తిరుపతిలో అదే సిరప్పు నిల్ స్టాకు! ఏడాది తిరక్కుండా రెండూ మూసేశాను.

అప్పుడు అర్థమైంది, తొందర షాపుది కాదు, సరుకుది. ఒకే పుత్తూరు షాపుకు ఇన్సులిన్ ఈ పూటే కావాలి, దూది ఎల్లుండి వచ్చినా చాలు. "ఎప్పటికి కావాలి" అంటే అందరూ అర్జంటనే అంటారు. "రాకపోతే ఏమవుతుంది" అని అడగండి.

ఇప్పుడు స్టాకు దాదాపు అంతా తిరుపతిలోనే. మామూలు ఆర్డర్లు వారానికి రెండుసార్లు లైను బండిలో, అంటే వరసగా ఊళ్ళు తిరిగే మా డెలివరీ బండిలో వెళ్తాయి. అర్జంటువి ఆర్టీసీ బస్సు పార్సిల్‌లో వేసి, బస్సు నంబరు షాపుకు ఫోన్ చేసి చెబుతాం. ఇన్సులిన్ 2–8 డిగ్రీల్లో ఉండాలి కాబట్టి థర్మోకోల్ పెట్టెలో జెల్ ప్యాకులు పెడతాం, మందుకు నేరుగా తగలకుండా మధ్యలో అట్టముక్క వేస్తాం. గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు. పార్సిల్ చార్జీ విడిగా వెయ్యడం మొదలుపెట్టాక అర్జంటు ఆర్డర్లు బాగా తగ్గాయి. మిగిలినవి నిజంగా అర్జంటువే, వాటిని ఎంత రాత్రయినా పంపుతాం.

కుప్పం దూరానికి మాత్రం ఇది చాలలేదు. అక్కడ రోజూ కదిలే కొద్ది రకాలతో చిన్న డిపో పెట్టాను, నిదానంగా అమ్ముడుపోయేవి తిరుపతి నుంచే.

ఇంకొకటి, బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ తిరుపతి ఊళ్ళోంచి బండి బయటపడటమే కష్టం. పెద్ద ఆర్డర్లు ముందు వారమే పంపేయండి.