శనివారం అక్కడ బడి ఉండదు

విదేశీ చదువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఈ సెప్టెంబరులో ఎమ్మెస్సీకి బ్రిటన్ వెళ్తున్నాడు. ఇక్కడ మా బస్తీ సర్కారు బడిలో శనివారాలు లెక్కలు చెప్పేవాడు. అక్కడ కూడా పేదపిల్లల బడిలో చెప్తానంటున్నాడు. వీసాకేమైనా ఇబ్బందా? ఇక్కణ్ణుంచి ఏమేం పట్టుకెళ్లాలి?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు ఆ శనివారం మాట మర్చిపొమ్మనండి. అక్కడ బడులు సోమవారం నుంచి శుక్రవారం దాకానే. మధ్యాహ్నం మూడు, మూడున్నరకల్లా పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు. యూనివర్సిటీ టైంటేబుల్ చేతికొచ్చాక, క్లాసుల్లేని ఒక పూట చూసుకుని ఆ పూటే వస్తానని బడికి చెప్పాలి.

వీసాకు ఇబ్బంది లేదు గానీ ఒక మెలిక ఉంది. బ్రిటన్ నిబంధనల్లో 'వాలంటీరింగ్' వేరు, 'వాలంటరీ వర్క్' వేరు. జీతమూ ఒప్పందమూ లేకుండా, ఉద్యోగి చేయాల్సిన పనిని నెత్తిన వేసుకోకుండా ప్రభుత్వ బడికి సాయపడితే అది మొదటి రకం. బస్సు ఛార్జీలు తీసుకున్నా తప్పులేదు. ఫలానా గంటలు రావాల్సిందేనని ఒప్పందం రాయించుకుంటే రెండో రకం. అప్పుడు పైసా రాకపోయినా ఆ గంటలు టర్మ్ రోజుల్లోని వారానికి 20 గంటల లెక్కలో కలుస్తాయి. షాపులో 20 గంటలు చేసి, బడిలో మరో మూడు గంటలు కూర్చున్నవాడు తెలియకుండానే హద్దు దాటినట్టు. ఏదైనా సంతకం పెట్టమంటే, ముందు ఆ కాగితాన్ని యూనివర్సిటీ వీసా విభాగానికి చూపించాలి.

ఇక కాగితాలు. పిల్లల దగ్గరికి పంపేముందు బడివాళ్లు డీబీఎస్ చెక్, అంటే పాత నేరాలేమైనా ఉన్నాయా అన్న తనిఖీ, చేయిస్తారు. వాలంటీర్లకు దానికి ప్రభుత్వ ఫీజు లేదు. అది చూసేది బ్రిటన్ పోలీసు రికార్డులనే. నిన్నమొన్న దిగినవాడి గురించి అందులో ఏముంటుంది? అందుకే మన దేశపు పోలీసు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైటులో ఈ సర్టిఫికెట్‌కి (పీసీసీ అంటారు) అప్లై చేయండి, ఫీజు 500 రూపాయలు. ఇప్పుడుంటున్న ఇల్లు ఏ పోలీస్ స్టేషన్ కిందికొస్తే ఆ స్టేషన్ నుంచి వెరిఫికేషన్ జరుగుతుంది. పాస్‌పోర్ట్‌లో పాత అడ్రస్ ఉండి, ఇల్లు మారి ఉంటే ఆలస్యం అక్కడే. విమానం ఎక్కాక గుర్తొస్తే అక్కడి మన హైకమిషన్ ద్వారా తెప్పించుకోవచ్చు గానీ అదో పెద్ద తతంగం.

డీబీఎస్ ఫారంలో ఐదేళ్ల అడ్రసులు ఖాళీ లేకుండా నింపాలి. ఇంజినీరింగ్ హాస్టల్, అమీర్‌పేటలో కోచింగ్‌కి ఉన్న పీజీ, అన్నీ ఏ నెల నుంచి ఏ నెల దాకానో ఇప్పుడే రాసి పెట్టుకోమనండి. మధ్యలో రెండు నెలలు ఎగిరిపోయినా ఫారం వెనక్కొస్తుంది. ఎమ్మెస్సీ ఏడాదే కదా, దిగిన వారంలోనే బడికి మెయిల్ పెట్టకపోతే ఈ చెక్కులన్నీ అయ్యేసరికి డిసర్టేషన్ (చివరి పరిశోధన వ్యాసం) మీద పడుతుంది.

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఎమ్మెస్ చేస్తున్నాను. ఇక్కడి టైటిల్ వన్ బడిలో, అంటే పేదపిల్లలు ఎక్కువున్న బడిలో, చదవడం నేర్పడానికి ఒప్పుకున్నారు. ఫారంలో ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) అడిగారు, నాకు లేదు. టీబీ పరీక్ష కూడా చేయించుకోమన్నారు.
– కూకట్‌పల్లి విద్యార్థి

జవాబు: ఎస్ఎస్ఎన్ పని చేసేవాళ్లకిచ్చే నంబరు. కేవలం వాలంటీర్‌గా ఉంటే రాదు. ఆ గడి ఖాళీగా వదిలి, పాస్‌పోర్ట్‌తో పని జరుగుతుందేమో బడి ఆఫీసులో అడగండి. రూమ్మేట్ నంబరు మాత్రం రాయకండి. నవ్వకండి, అలా రాసేవాళ్లున్నారు.

టీబీ పరీక్ష విషయంలో తొందరపడి చర్మ పరీక్షకు ఒప్పుకోవద్దు. మనవాళ్లకు పుట్టగానే బీసీజీ అనే టీబీ టీకా వేస్తారు. దానివల్ల జబ్బు లేకపోయినా చెయ్యి వాచి పాజిటివ్‌లా కనిపించవచ్చు. పైగా సూది వేశాక 48 నుంచి 72 గంటల్లోపు మళ్లీ వెళ్లి చూపించాలి. ఐజీఆర్‌ఏ అనే రక్తపరీక్ష అడగండి. బీసీజీ ప్రభావం దానిమీద ఉండదు, ఒక్కసారి రక్తమిస్తే చాలు. అదీ పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అది బాగుంటే బడికి వెళ్లడానికి సాధారణంగా అడ్డుండదు.

ఇంకోటి: స్టైపెండ్ గానీ, గిఫ్ట్ కార్డు గానీ ఇస్తామంటే తీసుకునేముందు మీ డీఎస్ఓను, అంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని, అడగండి. జీతంతో చేయించే పోస్టులో ఉచితంగా కూర్చోబెట్టినా చిక్కే.

ప్రశ్న: నేనూ అమెరికాలోనే. ఐదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. నా ఇంగ్లిష్ బాగానే ఉంటుంది, అయినా తికమకపడుతున్నారు.
– ఉప్పల్ నుంచి వెళ్లిన విద్యార్థిని

జవాబు: ఇంగ్లిష్ కాదు, 'ఇంటు' దెబ్బ కొడుతుండొచ్చు. మనకు '5 ఇంటు 20' అంటే వంద. వాళ్లకు అదే మాట 20ని 5తో భాగించమని, జవాబు 4. గుణకారానికి 'టైమ్స్' అనండి. 'త్రీ బై ఫోర్' అనకండి, 'త్రీ ఫోర్త్స్' అనాలి. భాగహారంలో మనం భాగఫలాన్ని కుడిపక్క రాస్తాం, వాళ్లు గీత పైన రాస్తారు. లక్షకు మనం 1,00,000 అని కామాలు పెడితే వాళ్లది 100,000. మీ పద్ధతే సులువని నేర్పబోకండి. రేపు టీచర్ ఇంకోలా చెప్తే నలిగేది పిల్లాడే. ఆ వారం వర్క్‌షీట్ ముందే అడిగి తీసుకోండి, ఇద్దరు ముగ్గురు పిల్లలతో ఇరవై నిమిషాలు కూర్చోండి, వారం వారం ఆ పిల్లలే ఉండేలా చూసుకోండి. కాపీలకు కాగితాలు కూడా లేని బడైతే చిన్న వైట్‌బోర్డులు మూడు, మార్కర్లు మీరే పట్టుకెళ్లండి. అంతకుమించి ఏది కొన్నా టీచర్‌ని అడిగాకే.

తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతో కూర్చోవద్దు, ఫొటోలు తీయవద్దు. ఇంట్లో కొడుతున్నారని ఎవరైనా చెప్తే 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకుండా, అదే రోజు టీచర్‌కి చెప్పండి.

అన్నట్టు, అక్కడ 'రబ్బర్' అడగకండి, 'ఇరేజర్' అనండి. ఎందుకో మీ క్లాస్‌మేట్లని అడగండి, పిల్లల్ని కాదు.