సోటో లేని యాంకీస్: జడ్జ్‌కి ముందు ఎవరు?

2024 సీజన్ అయ్యాక మన న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు యాంకీస్ నుంచి స్టార్ బ్యాటర్ సోటో అదే ఊరి మరో జట్టు మెట్స్‌కి వెళ్లిపోయినప్పుడు, అన్నా, ఆ డబ్బంతా మరో పెద్ద బ్యాటర్ మీద పెట్టాలా, మన ప్రధాన బ్యాటర్ జడ్జ్‌కి ముందు ఎవరిని దించాలి అని అడిగారు. ఒక్కడి మీదే పెట్టొద్దన్నాను. 2024లో 41 హోమ్ రన్‌లు, 129 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఉచితంగా ఫస్ట్ బేస్‌కి చేరడం) సాధించినవాడికి సాటి మార్కెట్లో దొరకడు.

అప్పుడు మన అసలు లోటు ఫస్ట్ బేస్ స్థానం. అక్కడ ఆడిన రిజ్జో తర్వాత నమ్మకమైన బ్యాటర్ లేడు. సెంటర్ ఫీల్డ్ కూడా చూడాల్సి వచ్చింది. సోటో కోసమే జడ్జ్ రైట్ ఫీల్డ్ వదిలి అక్కడికి జరిగాడు, సోటో వెళ్లాక తిరిగి రైట్‌కి రావాలి. 2024 వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) ఐదో మ్యాచ్ గుర్తుందిగా? 5-0 ఆధిక్యంలో ఉండగా ఐదో ఇన్నింగ్స్‌లో జడ్జ్ సులువైన క్యాచ్ వదిలాడు, షార్ట్‌స్టాప్ వోల్పే త్రో గురి తప్పింది, పిచర్ కోల్ ఫస్ట్ బేస్ దగ్గరికి పరుగెత్తి కవర్ చెయ్యలేదు. ఐదు పరుగులూ ఇచ్చేశాం. ఆ బాధ నాకింకా తగ్గలేదు. అందుకే ఫీల్డింగ్ తెలిసినవాళ్లనే తీసుకోవాలన్నాను.

లైనప్‌లో (బ్యాటింగ్ వరుసలో) జడ్జ్‌ని మూడు నుంచి రెండుకి జరపాలన్నాను. మూడో స్థానంలో ఉంటే మొదటి ఇన్నింగ్స్‌లో చాలాసార్లు ఇద్దరు అవుటయ్యాక ఖాళీ బేస్‌లతో దిగాల్సి వస్తుంది. పైగా రెండో స్థానంలో సీజన్ మొత్తంలో బ్యాటింగ్ అవకాశాలు పెరుగుతాయి. అతని ముందు వేగం కన్నా ఓపిగ్గా వాక్ తీసుకునేవాడు మేలు. వెనక మాత్రం ఎడమచేతి బ్యాటరే ఉండాలి. యాంకీ స్టేడియంలో ఎడమచేతివాళ్లు గట్టిగా కొట్టే వైపున్న రైట్ ఫీల్డ్ మూల 314 అడుగులే కదా.